నిన్న ఏం కూర?

బసవమ్మ గారింట్లో అద్దెకు దిగిన మొదటి వారమే నేను వేలు కోసుకున్నాను. బెండకాయలు తరుగుతూ కోసుకున్న వేలు, అంత చెప్పుకోదగ్గదేమీ కాదు. అయినా ఆవిడ నా చెయ్యి పట్టుకుని నల్లా కింద కడిగి, వెలుతురులోకి లాక్కొచ్చి, "నిన్న ఏం కూర వండుకున్నావయ్యా ఆత్మారాం?" అని అడిగారు. ఇప్పుడిదేం ప్రశ్న అనుకుంటూ "టమాటా..." అన్నానో లేదో చిటికెడు పసుపు గాయంలో కూరేశారు. నేను ఎగిరి గంతేశాను. ఆవిడ వేలికి గుడ్డ చుడుతూ, "టమాటాలో ఏం వేశావ్?" అన్నారు.

అదే ఆవిడ వైద్యం. ముల్లు తీయాలన్నా, పట్టేసిన మెడ సరిచేయాలన్నా ముందు ఆ ప్రశ్న పడుతుంది. నిన్నటి కూర గుర్తు చేసుకునేటప్పుడు మనిషి ఒళ్ళు వదులవుతుందని, ఆ లోపలే పని కానిచ్చేయాలని ఆవిడ సిద్ధాంతం. పని అయ్యాక అరచేతిలో ఒక బెల్లం ముక్క పెడతారు. ఏడ్చిన వాళ్ళకు కాస్త పెద్ద ముక్క.

నొప్పిలో మనిషి నోట అబద్ధం రాదని నాకు తెలిసింది ట్రాక్టర్ డ్రైవర్ రాజమల్లు వల్ల. భుజం పట్టేసిందని భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. "నిన్న ఏం కూర?" అంటూ బసవమ్మ గారు భుజం మీద బొటనవేలు నొక్కారు. "కోడికూరా!" అని అరిచాడు. వాళ్ళావిడ లేచి నిలబడింది. "మనింట్ల నిన్న చిక్కుడుకాయ గదా? నువ్వు ఎవలింట్ల తిన్నవ్ కోడికూర?" బసవమ్మ గారు చేతులు తుడుచుకుని, "భుజం సరిపోయింది. మిగతాది మీరూ మీరూ చూసుకోండి" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ వారమంతా రాజమల్లుకు మా వరండాలోనే భోజనం.

ఎడపల్లి పక్కన, కాలువ నీళ్ళను నమ్ముకుని కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు ఇది. ఇలాంటి ఊళ్ళను ఇక్కడ క్యాంపు అంటారు. బసవమ్మ గారు పెళ్ళయి ఈ క్యాంపుకు వచ్చి యాభై ఏళ్ళు. భర్త పోయారు, పిల్లలు లేరు. రెండెకరాల చెరుకు కౌలుకిచ్చి, కౌలురైతు సరిగ్గా చేస్తున్నాడో లేదోనని రోజూ పోయి వాడి ప్రాణం తీసి వస్తారు. పసుపు మోర్తాడ్‌దే కావాలి, వాము ఎక్కడిదైనా ఫర్వాలేదు. ఆవిడ కూరల్లో బెల్లం వేస్తారు. ఈ ప్రాంతంలోనే పుట్టిన మాలాంటి వాళ్ళం దాన్ని చూసి నవ్వుతాం. నేనూ నవ్వాను, ఆవిడ రోజూ నాకొక గిన్నె కూర ఇవ్వడం మొదలుపెట్టేదాకా. రుద్రూర్ పరిశోధనా కేంద్రంలో పొలం పని చూసి ఆకలితో ఇల్లు చేరేవాడికి తీపి కూరైనా కూరే.

ఒకటి మాత్రం చెప్పాలి, ఆవిడ మొండి మనిషే గానీ మూర్ఖురాలు కాదు. గాయం లోతుగా ఉన్నా, జ్వరం మూడో రోజుకూ తగ్గకపోయినా, "నా వల్ల కాదు, ఉమ దగ్గరికి పో" అనేవారు. ఉమ అంటే ఉమారాణి, క్యాంపు ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. చిన్నప్పుడు ఆమె అరచేతిలో చెరుకు పుల్ల గుచ్చుకుంటే తీసింది బసవమ్మ గారే. ఇప్పుడు ఇద్దరికీ క్షణం పడదు.

"పసుపు బంద్ వెట్టు అవ్వా, సబ్బుతోని కడిగితే సాలు" అని ఉమారాణి.

"నీ సబ్బు పుట్టకముందు నుంచీ ఉందే నా పసుపు" అని బసవమ్మ గారు.

ఉమారాణి షుగర్ పరీక్ష చేయడానికి క్యాంపుకు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ బసవమ్మ గారికి సరిగ్గా అప్పుడే పొలంలో పని గుర్తొచ్చింది.

కిందటి ఫిబ్రవరిలో చెరుకు నరికారు. ఆ సాయంత్రం నేను వచ్చేసరికి ఆవిడ వరండాలో మంచం మీద ఉన్నారు. కుడి పాదానికి బెల్లం, సున్నం కలిపి ఇంత మందాన పట్టు వేసుకున్నారు. "బెణికిందయ్యా" అన్నారు. బెణుకులకు క్యాంపులో అందరికీ ఆవిడ వేసేది ఆ పట్టే కాబట్టి నేను నమ్మాను.

మర్నాడు కూర గిన్నె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాకు ఆవిడ కాలు కన్నా ముందు ఆ గిన్నె గుర్తొచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

నాలుగో రోజు పొద్దున చీమలు కనిపించాయి. గోడ వారగా బయలుదేరి, వరండా దాటి, మంచం కోడు ఎక్కి, ఆవిడ పాదం దాకా బారులు తీరాయి. బెల్లం ఉన్నచోటికి చీమలు రావడంలో వింత లేదు. కానీ అవి పైపైన తిరిగి ఊరుకోవడం లేదు, అరికాలి వైపు పట్టు పగిలినచోట లోపలికి దూరుతున్నాయి. వంగి చూశాను. పగులులోంచి చీము కారుతోంది. మడమ దాకా ఎర్రగా వాచింది. నరికిన చెరుకు మోడు మీద కాలేసి, అది గుచ్చుకున్న సంగతి ఎవరికీ తెలియకూడదని పైన బెణుకు పట్టు వేసుకున్నారన్న మాట.

"బెణికితే చిల్లు వడ్తదా పెద్దమ్మా?"

ఆవిడ చీర కుచ్చెళ్ళు పాదం మీదికి లాక్కున్నారు. "చీమలకేం తెలుసు! ఆస్పత్రి మాట ఎత్తావంటే ఇల్లు ఖాళీ చేయిస్తాను."

నాకు భయమేసింది, ఇంటి గురించి కాదు. గేటు బయటికి పోయి ఉమారాణికి ఫోన్ చేశాను.

స్కూటీ చప్పుడు వినగానే బసవమ్మ గారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఏమైందోనని రాజమల్లు కూడా వచ్చాడు. ఉమారాణి కింద కూర్చుని, గోరువెచ్చని నీళ్ళు తెప్పించి, పాదాన్ని ఒళ్ళోకి తీసుకుంది. ముట్టుకుంటే చేయి విరుస్తానన్నారు ఈవిడ. ఉమారాణి తలెత్తి చాలా మెల్లగా అడిగింది.

"అవ్వా, నిన్న ఏం కూర?"

రాజమల్లు కిసుక్కుమన్నాడు. బసవమ్మ గారు చివ్వున తిరిగారు. "నా ప్రశ్న నాకేనటే?" అన్నారు గానీ, చూపు వంటింటి వైపు పోయింది.

"కూర లేదే. నాలుగు రోజులై నిలబడలేకపోతున్నాను. అటుకులు నానేసుకుని పంచదారతో తింటున్నాను."

రాజమల్లు నవ్వు ఆగిపోయింది. ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. అంతమంది ఏడుపు చూసిన మనిషి ఏడుస్తుంటే ఎటు చూడాలో నాకు తెలియలేదు.

"మా తమ్ముడు ఇలాంటి పుండుతోనే రెండు కాళ్ళ మీద ఆస్పత్రికి వెళ్ళాడే. ఒక్క కాలితో తీసుకొచ్చారు."

"దెబ్బ తాకినంక ఎన్ని దినాలకు పోయిండు?" ఉమారాణి కడుగుతూనే అడిగింది.

"నెలకి. ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు వెధవ" అని, తనన్న మాట తనకే వినబడి ఆగిపోయారు.

అప్పటికే వేలి నుంచి రక్తపు చుక్క తీసుకోవడం, భుజానికి సూది వేయడం రెండూ అయిపోయాయి. షుగర్ మూడు వందల నలభై చూపించింది.

"బోధన్ల షుగర్ ఫ్యాక్టరీ బందైతేంది, మన అవ్వ కాడ చక్కెర మస్తున్నది" అన్నాడు రాజమల్లు.

"నోర్ముయ్యరా కోడికూర" అన్నారు ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత అలవాటు కొద్దీ అరచేయి చాచారు, బెల్లం కోసం. ఉమారాణి సంచిలోంచి గుప్పెడు వేయించిన శనగలు తీసి అందులో పోసింది. బసవమ్మ గారు వాటిని చూసిన చూపు నేను మర్చిపోలేను. ఒక్కొక్కటే నములుతూ ఆటో ఎక్కారు.

బోధన్‌లో డాక్టరు గాయంలోంచి గోరంత చెరుకు పేడు తీశాడు. ఇంకో వారం ఆగి ఉంటే వేళ్ళు తీయాల్సి వచ్చేదన్నాడు. ఆ తర్వాత నలభై రోజులు ఉమారాణి వచ్చి కట్టు మార్చింది, నేను వండిపెట్టాను. నా బెండకాయ కూర తిన్న మొదటి రోజే, "ఇంతకన్నా సూది నయం" అన్నారు ఆవిడ.

చివరి కట్టు విప్పే రోజు నేను వండలేదు, వండొద్దన్నారు. ఉమారాణి వస్తూనే, "అవ్వా, నిన్న ఏం కూర?" అని గేటు దగ్గర్నుంచే కేకేసింది. మంచం ఖాళీగా ఉంది. బసవమ్మ గారు వంటింట్లోంచి రెండు గిన్నెలు పట్టుకుని, ఆ కాలు కాస్త చూసుకుని వేస్తూ, తనంతట తానే నడిచి వచ్చారు.

"నిన్నటి సంగతెందుకే, ఇవాళ గుత్తివంకాయ. నిలబడి చేశాను."

ఒక గిన్నె ఆమెకిచ్చారు, ఒకటి నాకు. ఉమారాణి ముంజేత్తో కళ్ళు తుడుచుకుని, "అండ్ల ఏమేసినవ్ అవ్వా?" అని అడిగింది.

"అన్నీ వేశాను. బెల్లం ఒక్కటే వెయ్యలేదు" అన్నారు బసవమ్మ గారు.