శ్లాబు కింద భోజనం

కొత్త శ్లాబు మీద పరిచిన గోనెసంచులు తడిసి, ఎండకు ఆవిరి లేస్తున్నప్పుడు ఒక వాసన వస్తుంది. పూర్తిగా సిమెంటుదీ కాదు, పూర్తిగా గోనెదీ కాదు. మొన్న నంద్యాలలో ఒక ఇంటి పైన శ్లాబుకు నీళ్లు పడుతుంటే అది ముక్కుకు తగిలింది. పైపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఏమప్పా మేస్త్రీ, నీళ్లన్నీ నా చీరల మింద పడ్తాండాయి" అని కింద నుంచి ఇంటావిడ అరిచేదాకా నేను అక్కడ లేను. దేవదానం సార్ దగ్గర ఉన్నాను.

సార్ పోయి ఏడాది దాటింది. ఆయన చాలా ఏళ్లు సైన్యంలో, వంతెనలు కట్టే దళంలో పనిచేశారు. ఇంజనీరింగు కూడా అక్కడే చదివారు. తిరిగొచ్చాక నంద్యాల చుట్టుపక్కల కట్టడాలకు ఇంజనీరుగా ఉండేవారు. పని ఎక్కడున్నా సాయంత్రం ఇంటికి పోయే ఆళ్లగడ్డ బస్సు మాత్రం తప్పనిచ్చేవారు కాదు. "ఇన్నేండ్లు మిలిటరీ కూడు తింటి. ఇంక రాత్రి బువ్వ ఎస్తేరు చేతిదే" అనేవారు. ఎస్తేరమ్మ ఆయన భార్య. ఇద్దరు కూతుళ్లు. పొద్దున్నే వాళ్ల జడలు ఆయనే అల్లేవారు. శ్లాబులో వేసే ఇనుప కమ్మీలకు కట్టుతీగ బిగించినట్టు బిగిస్తాడని ఆ పిల్లల ఫిర్యాదు.

నా సంగతి చెప్పాలంటే, మాది గడివేముల. ఎనిమిదో తరగతిలో లెక్కల అయ్యవారు నన్ను రోజూ క్లాసు బయట నిలబెట్టేవారు. ఒకరోజు అక్కడి నుంచి అటే వెళ్లిపోయాను. ఆ తర్వాత తాపీ పట్టాను. పెళ్లయ్యే నాటికి మంచి పనివాడినని పేరు, అంతకంటే నవ్వించే మాటకారినని పేరు. నేనుంటే కూలీలు ఎండ మరిచిపోయి నవ్వుతారని కాంట్రాక్టరే నన్ను సార్ దగ్గర చేర్చాడు.

సార్‌కు ఒక అలవాటు ఉండేది. శ్లాబు గట్టిపడేదాకా కింద ఆపుగా నిలబెట్టిన కర్రల సెంట్రింగు విప్పే రోజు ఇంటి నుంచి క్యారియర్ తెప్పించేవారు. ఎస్తేరమ్మ, పిల్లలు వచ్చేవారు. శ్లాబు కింద చాప పరిచి కూర్చునేవారు. కర్రలు ఒక్కొక్కటే తీస్తుంటే వాళ్లు కింద అన్నం తినేవారు. మొదటిసారి చూసి నేను ఊరుకోలేకపోయాను.

"సార్, మీరు కూర్చుంటే సరే. ఆయమ్మ ఏం పాపం చేసిందని?"

"మిలిటరీలో వంతెన కట్టినోడే ముందు దాటాలప్పా. ఒక్కన్నే దాటితే ధైర్యం అంటారు. ఇంట్లోవాళ్లను పిల్చుకొని దాటితే, పని మింద నమ్మకం."

"కూర మింద నమ్మకముంటే నన్ను గూడా పిలువు సార్" అన్నాను. ఎస్తేరమ్మ నవ్వి నాకూ రొట్టె పెట్టింది.

తర్వాత ఆళ్లగడ్డ దారిలోని ఒక పల్లెలో బడి కట్టాం. గేటు వైపు గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద శ్లాబు ఉంది. వానొస్తే పిల్లలు దాని కిందే నిలబడాలి. దానికి ముందు వైపు స్తంభాలు లేవు. అలాంటి శ్లాబులో కమ్మీలు పైభాగంలో ఉండాలి. అవే దాన్ని గోడకు లాగి పట్టుకుంటాయి. కిందికి దిగితే ఉన్నా లేనట్టే. సిమెంటు పోసే రోజు పొద్దున సార్ అన్నీ చూసి, చిన్న కూతురికి జ్వరమని కబురొస్తే బయలుదేరారు. "నేను చూసిన కమ్మి చూసినట్టే ఉండాల ఓబులేసూ" అన్నారు. "యాడికి పోతాది సార్, దానికేమన్న కాళ్లుండాయా?" అన్నాను.

దానికి లేవు, కూలీలకు ఉన్నాయి. మధ్యాహ్నం మబ్బు పట్టింది. అందరూ తొందరగా తట్టలు మోస్తూ కమ్మీల మీదే నడిచారు. ఒక పక్క అవి అడుక్కు అణిగిపోయాయి. నేను చూశాను. ఎత్తించాలంటే పని ఆగాలి, పైన వాన. సిమెంటు పడింది, మూసుకుపోయింది. మరుసటి రోజు సార్ వచ్చి "కమ్మి యాడుంది?" అని అడిగారు.

"పెట్టిన చోటే సార్. కదలకుండా నిద్రపోతాంది."

సార్ నవ్వారు. నమ్మారు.

సెంట్రింగు విప్పే రోజు బస్సు దిగినవాళ్లలో ఎస్తేరమ్మ, పిల్లలతో పాటు నా భార్య లక్ష్మీదేవి కూడా ఉంది. ఏడో నెల. సారే కబురు పంపి పిలిపించారట. ఎస్తేరమ్మ ఆమె చేయి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టింది. సుత్తి ఎత్తిన కూలీ నా సైగ కోసం చూస్తున్నాడు. ఏదో ఒక మాటతో తప్పించుకోవాలని చూశాను. నా నోటికి ఆ రోజు ఏదీ అందలేదు.

"కొట్టొద్దు" అన్నాను. "సార్, కమ్మి కిందికి పోయింది. నేను చూస్తి."

సార్ ముందు ఆడవాళ్లను, పిల్లలను వేపచెట్టు కిందికి పంపారు. తర్వాత నా దగ్గరికి వచ్చారు.

"నేను అడిగితి గదా."

"అడిగినారు సార్."

"నవ్విస్తివి. నేను నవ్వితి. నవ్వించేటోని అబద్ధం దొరకదప్పా. అందుకే నీయట్లా వాడు అందరికంటే రోంత ఎక్కువ నిజం చెప్పాల."

నన్ను పనిలోంచి తీసేస్తానని కాంట్రాక్టర్ అరిచాడు. సార్ అడ్డం వచ్చారు. "పోసేటప్పుడు నేను ఈడ ఉండాల్సింది. తప్పులో నాకూ పాలుంది. ఓబులేసు పనిలోనే ఉంటాడు" అన్నారు. ఆ శ్లాబును నాలుగు రోజులు నేనే పగలగొట్టాను. మధ్యలో చొక్కా విప్పి సార్ కూడా సుత్తి పట్టారు. మళ్లీ పోసిన రోజు నా చేతికి ఒక ఇనుప కొక్కెం ఇచ్చి, అణిగిన ప్రతి కమ్మీనీ ఎత్తించారు. ఇంకో పనేదీ చెప్పలేదు.

ఈసారి విప్పేనాటికి లక్ష్మీదేవికి ఎనిమిదో నెల దాటింది. చాప మీద కూర్చుని పైకి చూసింది.

"ఈసారి ఏం చేసినావో ముందే చెప్పు."

"ఏం చేయలే. తిను."

ఆఖరి కర్ర తీశారు. శ్లాబు కదలలేదు. ఎస్తేరమ్మ ఆమెకు ఇంకో రొట్టె వేసింది. ఆ సాయంత్రం బస్సెక్కే ముందు సార్ నా చేతిలో ప్లాను కాగితం పెట్టి, "రేపట్నుంచి ఇది చదివేది నేర్చుకో" అన్నారు. నేర్చుకున్నాను.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తారు. వాళ్లలో నాకంటే మాటకారులున్నారు. వాళ్లు నవ్విస్తే నవ్వుతాను. నవ్వాక తడి సిమెంటులో చేయి పెట్టి కమ్మి ఎక్కడుందో తడుముకుంటాను. శ్లాబు పోసిన రోజుల్లో నా వేళ్లు సిమెంటుకు ఒరిసి పగిలిపోతాయి. సాయంత్రం లక్ష్మీదేవి కొబ్బరినూనె రాస్తుంది. చేతికి తొడుగులు వేసుకోవచ్చు కదా అని మా పిల్లలు అంటారు. ఆమె ఎన్నడూ అనదు. ఆ శ్లాబు కింద, ఆ చాప మీద కూర్చున్న మనిషి ఆమె.