వంటింట్లోకి వచ్చి అడిగే లాయరమ్మ

"ఈ ఫ్లాటు ఎప్పుడు అమ్మినా మీకే బావగారూ, నా మాటంటే మాటే" అని మా వియ్యంకుడు పిల్లల నిశ్చితార్థం నాడు అందరి ముందూ అన్నాడు. ఆ మాట నిలబడలేదు. దాని గురించి ఆలోచించకుండా ఉండటం చాలాకాలంగా అలవాటు చేసుకున్నాను. మొన్న పొద్దున్నే మా అల్లుడు ఫోనులో పంపిన ఒక్క వాక్యంతో ఆ అలవాటు పోయింది. "మామయ్యగారూ, లాయరమ్మ గారు చనిపోయారట." కింద చేతులు జోడించిన బొమ్మ. అంతే.

అప్పటి నుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. షార్జాలో మా అద్దె ఇంటి హాల్లో కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా తిరుగుతున్నాను. "కూర్చుని ఏదైనా రాయండి. తిరిగితే ఆవిడేం తిరిగిరాదు" అంది మా ఆవిడ. అందుకని రాస్తున్నాను. చదివేవాళ్ళలో ఆవిడ సలహా తీసుకుని ఇల్లు కొనుక్కున్నవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ తర్వాత ఆవిడ ఫోను ఎత్తనివాళ్ళు కూడా వాళ్ళే.

లాయరమ్మ కాకినాడ మనిషి. దుబాయ్‌లో ఇళ్ళు కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ కాగితాలు చూసిపెట్టే ఆఫీసులో పనిచేసేవారు. కోర్టులో వాదించే లాయరు కాదు. సెలవు రోజు ఎవరింటికి భోజనానికి పిలిచినా, ఆవిడ చెయ్యి కడుక్కోకముందే మనవాళ్ళ ప్రశ్నలు మొదలయ్యేవి. ఎప్పుడూ అవే ప్రశ్నలు.

"బ్రోకరున్నాడు కదండీ, మళ్ళీ మీరెందుకు?"

"బ్రోకరు ఇల్లు అమ్ముడుపోవాలని చూస్తాడండీ. కొనకూడని ఇల్లయితే కొనొద్దని చెప్పడానికి ఒకరుండాలి కదా."

"ఎన్నాళ్ళు పడుతుంది మేడం?"

"బిల్డరు అభ్యంతరం లేదని రాసివ్వాలి. బ్యాంకు తాకట్టు ఉంటే వదలాలి. పత్రం మీద పేర్లున్నవాళ్ళంతా కదలాలి. వాళ్ళెంత తొందరపడితే అంత."

"ఇద్దరం తెలిసినవాళ్ళమే. ఇద్దరికీ మీరొక్కరే చూసేస్తే సరిపోదా?"

ఈ ప్రశ్నకి మాత్రం ఆవిడ నవ్వేవారు కాదు. "గొడవ లేనన్నాళ్ళూ సరిపోతుంది. గొడవొస్తే నేనెవరి పక్కన నుంచోవాలి?" అనేవారు.

ఆవిడకో అలవాటు ఉండేది. మగవాళ్ళు సోఫాల్లో కూర్చుని ధరలు మాట్లాడుకుంటుంటే, మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళి అక్కడున్న మనిషిని అడిగేవారు. "ఏమ్మా, ఈ ఇల్లు కొనడం నీకిష్టమేనా?" అని. అమ్మేవాళ్ళ ఇంటికి వెళ్ళినా అంతే. కొందరు మొగుళ్ళకి ఇది మంటగా ఉండేది. "హాల్లో తేలినదాన్ని వంటింట్లో తిరగతోడతారేంటండీ?" అని ఒకాయన మొహం మీదే అడిగాడు. "ఇప్పుడు తోడితే నీళ్ళొస్తాయి, తర్వాత తోడితే బురదొస్తుంది" అన్నారావిడ.

మా సంగతికొస్తాను. దుబాయ్‌లో ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో మా వియ్యంకుడి ఫ్లాటులోనే మేం ఏళ్ళ తరబడి అద్దెకున్నాం. ఆ పరిచయంతోనే సంబంధం కుదిరింది. ఆ ఇంటి బాల్కనీ అంటే మా ఆవిడకి ప్రాణం. కరోనా సద్దుమణిగాక, షార్జా శివార్లలో ఫ్యాక్టరీలుండే సజ్జాలో ఆయన వ్యాపారం నెమ్మదించి ఫ్లాటు అమ్ముతానన్నాడు. "ముసలితనంలో ఇంకో గడప ఎక్కలేను, ఎలాగైనా కొనండి" అంది మా ఆవిడ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

నేను లాయరమ్మని పిలిచాను. మా వియ్యంకుడికి అది నచ్చలేదు.

"మనలో మనకి లాయరేంటి బావగారూ! ఒక రోజు వెళ్తాం, సంతకం పెడతాం, ఖలాస్."

"నేను బావగారి తరఫున చూస్తానండీ. మీరూ మీ తరఫున ఒకరిని పెట్టుకోండి" అన్నారు లాయరమ్మ.

"నాకెందుకమ్మా? దుబాయ్‌లో సగం ఇళ్ళు అమ్మించావు, నీకు మాత్రం సొంతిల్లు లేదేంటి?"

"ఆ పత్రాలన్నీ చదివాక ధైర్యం చాల్లేదండీ." అందరూ నవ్వారు. ఆవిడ నవ్వు ఆపి అడిగారు. "ఇంతకీ పత్రం మీద ఎవరెవరి పేర్లున్నాయండీ?"

"నాదే. ఇంకెవరిదుంటుంది?"

"ఒకసారి కాపీ పంపుతారా?"

"లాకర్లో ఉంది. యల్లా, పదండి పదండి, తర్వాత చూద్దాం."

ఆడపిల్లని ఇచ్చినవాణ్ణి. వియ్యంకుణ్ణి కాగితం చూపించమని పట్టుబట్టడం మనలో ఎవరికి చేతనవుతుంది? అప్పుడు మా అల్లుడు నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. బ్యాంకులో ఇళ్ళ అప్పుల విభాగంలో ఉద్యోగం అతనిది. ఆ ప్రశ్న అడగడం అతని రోజువారీ పని. అతను టీ కప్పులో చెంచా తిప్పుతూ ఉండిపోయాడు.

పాలు పొంగించడానికి ముహూర్తం కూడా మా వియ్యంకుడే పెట్టించాడు. రిజిస్ట్రేషన్ ఎలాగూ అవుతుంది, ఆ వారం దాటితే మూఢం వచ్చేస్తుంది అన్నాడు. అద్దెకున్న ఇంట్లోనే మా ఆవిడ పట్టుచీర కట్టుకుని సొంతదారుగా మళ్ళీ పాలు పొంగించింది. లాయరమ్మ వచ్చారు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, మా ఆవిడ ఇచ్చిన పరమాన్నం గిన్నె అందుకుని, తినకుండా ఫ్రిజ్ మీద పెట్టారు. "ఏమనుకోకమ్మా. ఇల్లు నీ పేరు మీదకి వచ్చిన రోజు గిన్నెడు తింటాను. ఇప్పుడు తింటే ఇల్లు నీదైపోయిందని ఒప్పుకున్నట్టుంటుంది" అన్నారు. హాల్లో మా వియ్యంకుడు విన్నాడు. "అశుభం పలకడానికే వస్తారు కొందరు" అన్నాడు అందరికీ వినబడేలా.

ఆ సాయంత్రమే రాజమండ్రి నుంచి మా వియ్యపురాలు ఫోను చేసింది. కరోనాకి ముందు వెళ్ళి అక్కడే ఉండిపోయింది. మా ఆవిడ సంతోషంగా స్పీకరు పెట్టింది.

"వదినగారూ, నా పేరున్న ఇంట్లో మీరు పాలు పొంగించారని మీ అమ్మాయి స్టేటస్‌లో చూసి తెలుసుకున్నాను. బావుంది. నన్నెవరైనా ఒక్క మాట అడిగారా?"

మా ఆవిడ నా వంక చూసింది.

పత్రం బయటికి వచ్చాక చూస్తే మొదటి పేరు మా వియ్యపురాలిదే. రెండోది ఆయనది. సంతకానికి ఆవిడ రావాలి, లేదా పవరాఫ్ అటార్నీ పంపాలి. రెండూ చెయ్యనంది. నేను ఆవిడని తప్పుపట్టను. తర్వాత దుబాయ్ వచ్చి, మాకు గడువిచ్చి ఖాళీ చేయించి, ఆ ఇంట్లోనే ఉంటోంది. మా ఆవిడ కుండీలు వాళ్ళకీ వీళ్ళకీ పంచేసి నాతో షార్జా వచ్చింది. ఇక్కడ బాల్కనీ లేదు.

మా వియ్యంకుడు మాత్రం ఊరంతా ఒకటే చెప్పాడు. "శుభ్రంగా అయిపోయే పని. ఆ లాయరమ్మ లేనిపోని ప్రశ్నలేసి చెడగొట్టింది." తెలుగు సంఘంలో ఆయన మాటకి విలువ ఉంది. మెల్లగా మనవాళ్ళు ఆవిడని భోజనాలకి పిలవడం మానేశారు. ఇళ్ళ పనులు ఎవరెవరికో ఇచ్చుకున్నారు. మా అమ్మాయి కూడా "ఆవిడ అడక్కపోతే అయిపోయేది నాన్నా" అంది. ఎలా అవుతుందమ్మా? సంతకాల రోజు బల్ల దగ్గర ఆగిపోయేది. అంతే తేడా.

ఒకసారి నేను బాధపడుతూ ఈ విషయం ఎత్తితే, "పోనీలెండి. నన్ను పిలవకపోయినా ఫరవాలేదు, వంటింట్లో అడగడం మానకపోతే చాలు" అన్నారు లాయరమ్మ. తర్వాత మా ఆవిడ మోకాళ్ళ నొప్పి గురించి అడిగారు.

నిన్న దుబాయ్ కరామాలో ఒక హోటలు పై అంతస్తులో సంతాపసభ పెట్టారు. ఫొటోకి దండ వేసింది మా వియ్యంకుడే. "మన తెలుగువాళ్ళకి పెద్దదిక్కు" అన్నాడు. ఆయన మీద పళ్ళు కొరుకుదామని వెళ్ళినవాణ్ణి, విచిత్రంగా కోపం రాలేదు. ఆ రోజు పత్రం మీద పేరు నాదే అన్నప్పుడు ఆయన అబద్ధం ఆడలేదని నాకిప్పుడు అర్థమవుతోంది. ఆయన లెక్కలో భార్య పేరన్నా తన పేరన్నా ఒకటే. తెలివితక్కువవాడు. తెలియనివాడి మీద ఎన్నాళ్ళని కోపం పెట్టుకోను?

నా అల్మరా నిండా పుస్తకాలున్నాయి. మాట తప్పినవాళ్ళ గురించి రాసినవాళ్ళు కోకొల్లలు. తెలిసీ నోరు విప్పనివాళ్ళ గురించి రాసింది తక్కువ.

నేను కూర్చోలేక తలుపు దగ్గర నిలబడితే మా అల్లుడు టీ కప్పుతో వచ్చాడు. "మామయ్యగారూ, మీరూ రెండు మాటలు చెప్పండి. ఆవిడకి మీరంటే గౌరవం."

"నువ్వే చెప్పు బాబూ. పత్రం మీద ఎవరి పేర్లున్నాయని ఆవిడ అడిగినదానికి నీ దగ్గర ఒక మాట మిగిలిపోయింది. ఇప్పుడైనా నలుగురిలో చెప్పు."

అతనికి అర్థమైంది. ఫొటో వైపు చూశాడు, వాళ్ళ నాన్న వైపు చూశాడు. ఆ తర్వాత తలదించుకుని చెంచా తిప్పడం మొదలుపెట్టాడు. పంచదార ఎప్పుడో కరిగిపోయింది. సభ ముగిసి కుర్చీలు ఎత్తేస్తున్నా ఆ చెంచా కప్పుకి తగిలే చప్పుడు ఆగలేదు. ఇప్పుడు ఈ హాల్లో తిరుగుతున్నా నాకదే వినిపిస్తోంది. నా కోపం మా వియ్యంకుడి మీదని అందరూ అనుకుంటారు. కాదు. నేను ఈనాటికీ తప్పుపట్టేది మా అల్లుణ్ణి.