రాజీనామా ఇచ్చాడు, తాళంచెవి ఇవ్వలేదు

మా గౌస్ మొహిద్దీన్‌కు రాజీనామా చెయ్యడం ఒక జబ్బు. ఉదయగిరి వాలీబాల్ క్లబ్బుకు ఆయన ప్రెసిడెంటు, నేను సెక్రటరీని. పంతొమ్మిదివందల డెబ్బైల్లో ఆయన రాజీనామా చెయ్యని మీటింగు నాకు గుర్తు లేదు. నెట్టు వదులైందని ఒకసారి, తనకంటే ముందు నాకు టీ ఇచ్చారని ఒకసారి, తాను మాట్లాడుతుంటే ఎవడో ఆవలించాడని ఇంకోసారి.

పోతే పొమ్మనొచ్చు గదా అంటారు. ఎట్లా అంటాం? నెట్టూ బంతీ ఉండే పెట్టె తాళంచెవి ఆయన లుంగీ మడతలో ఉండేది. పదవి వదిలేవాడే గానీ తాళంచెవి వదిలేవాడు కాదు. ఇదెక్కడి న్యాయమని నిలదీస్తే, రాజీనామా కమిటీ ఒప్పుకునేదాకా తానే ప్రెసిడెంటు అనేవాడు. సరే ఒప్పుకుందామని మీటింగు పెడితే, రాజీనామా చేసినవాడికి మీటింగుతో పనేమిటని వచ్చేవాడు కాదు.

ఇక అందరం కట్టగట్టుకుని ఆయన ఇంటికి పోవాలి. ఆయన మూతి ముడుచుకుని, అమ్మకానికి చేసే చెక్క చెంచాలు గీకుతూ కూర్చునేవాడు. మేము బతిమాలేవాళ్ళం. ఆయన భార్య ఖాదర్‌బీ మమ్మల్ని చూడగానే ఏమీ అడక్కుండా టీకి నీళ్ళు పెట్టేది.

ఆత్మకూరు పోటీల ముందు ఆయన చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా కెప్టెన్ హుసేనయ్య చెరువులో చేపలు పట్టే మనిషి. కంప కొట్టి గ్రౌండు చదును చేసింది అతనే. ఒకప్పుడు అతను కొట్టిన బంతి ఎత్తినవాడు లేడు. ఆ పోటీల నాటికి మోకాలు పోయి, ఎగరబోయి నెట్టు పట్టుకుని వేలాడుతున్నాడు. అతను లేనప్పుడు కమిటీ కూర్చుని, తీసేద్దామని ఒక్కమాట మీదికొచ్చాం. ఆ మాట అతని మొహాన చెప్పే పని నాకు పడింది. చేతులెత్తమన్నాను. సరిగ్గా అప్పుడు గౌస్ భాయ్ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు.

"ప్రెసిడెంటుకి చల్లారిపోయిన టీ ఇస్తారా? నా రాజీనామా."

తాళంచెవితో సహా వెళ్ళిపోయాడు. అదే కెటిల్లోంచి పోసిన టీకి నా నాలుక కాలింది. ఎత్తిన చేతులు లెక్కపెట్టకుండానే దిగిపోయాయి.

మర్నాడు బతిమాలే గుంపులో అందరికంటే ముందు కుంటుకుంటూ హుసేనయ్యే ఉన్నాడు. జరిగింది అతనికి తెలియదు. ఆత్మకూరు పోవాలి, కోపం మానుకోమని గౌస్ భాయ్ గడ్డం పట్టుకున్నాడు.

"నువ్వడిగితే కాదంటానా హుసేనయ్యా? ఒకటే షరతు. ఈ పిలకాయలకు ఆట రాదు. నేర్పించే మొనగాడు లేని టీముకు నేను ప్రెసిడెంటుగా ఉండను. ఆ కెప్టెన్‌గిరీ ఎవురికన్నా పారేసి నువ్వు కోచ్‌గా నిలబడు."

హుసేనయ్య చాలాసేపు తల గోక్కున్నాడు. పాపం, ఇంకా ఆడాలనే ఉంది.

"నీకోసం ఒప్పుకుంటా ఉండా భాయ్. నువ్వు లేకుంటే క్లబ్బు నడవదు."

గౌస్ భాయ్ లుంగీ మడతలోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు. కోచ్ దగ్గరే ఉండాలట. సెక్రటరీనైన నన్ను ఏనాడూ తాకనియ్యని తాళంచెవి అది. హుసేనయ్య దాన్ని పంచె కొంగున ముడేసుకుని, క్లబ్బును నిలబెట్టినవాడిలా ఛాతీ విరుచుకుని వెళ్ళాడు.

అందరూ పోయాక నేను ఆగి అడిగేశాను.

"ఆ టీ కాలిపోతా ఉండింది భాయ్. నా నాలిక బొబ్బెక్కింది."

ఆయన చెంచా మీదినుంచి కళ్ళెత్తలేదు.

"ఆ మాట యాడన్నా అన్నావంటే ఈసారి నిజంగానే రాజీనామా చేస్తా."

రాజీనామా అన్న మాట చెవిన పడగానే లోపల ఖాదర్‌బీ టీకి నీళ్ళు పెట్టింది.