షుగర్ వారి సోడా

షుగరున్న మా ఇంటామెకు మూడు నెలలు చక్కెర నీళ్లు అమ్మారు. తెచ్చి తాగించింది నేనే.

ఆమె కాలి బొటనవేలు తీసేసిన పదోనాడు, తాగి పెట్టిన ఖాళీ సోడా సీసాకు చీమలు పట్టాయి. చక్కెర బదులు శాక్రిన్ వేసిందైతే చీమ పట్టదు. మర్నాడు పొద్దున ఆరింటికి సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కాను. తొంభైల్లోని ఒక ఎండాకాలం.

పక్కన త్రిపురారం పోయే ముసలామె. "ఖాళీ సీసను పసిపోరగానోలె ఒళ్లె వెట్టుకున్నవేంది పెద్దాయనా?"

"ఇది సాక్ష్యం."

"గట్లయితె దానికి గూడ టికెట్ తియ్యి!"

నాకు నవ్వు రాలేదు.

ఎనిమిదిన్నరకు మిర్యాలగూడ. సోడా దుకాణదారు సీసా తిప్పి చూశాడు. "మాది ఉత్త గ్యాస్ నింపుడే పెద్దయ్యా. తీపి పాకం, సీస మీది చీటీ, అన్నీ కోదాడ నుంచే వస్తయి."

పది గంటల బస్సుకు కోదాడ బయలుదేరాను. ఈ దారిలో పోయేవారు ఎడమవైపు కూర్చోండి, ఎండ పడదు. హుజూర్‌నగర్‌లో రెండు ఇడ్లీలు తిన్నాను. ఒంటిగంటకు దిగాను.

పాకం చేసేవాడు మర్యాదస్తుడు. కుర్చీ వేసి, రెండు గ్లాసులు కలిపి ఇచ్చాడు. మొదటిది ఉత్త శాక్రిన్. ముందు తీపి, మింగాక ఇనుము నాకినట్టు చేదు. మా ఇంటామె శాక్రిన్ టీని ఉమ్మేసేది ఈ చేదుకే. రెండోదాంట్లో చేదు మచ్చుకైనా లేదు.

"చక్కెర కూడా కలిపితే ఆ చేదు చచ్చిపోద్దండి తాతగారూ. అందుకే రెండూ వేస్తాం."

నిజం చెప్పాలి, రుచిగానే ఉంది. గ్లాసు కింద పెట్టేశాను.

"చక్కెర లేదని రాసి అమ్ముతావా?" అని అరిచాను.

"లేదని ఎక్కడ రాశామండీ? 'షుగర్ వారికి' అని రాశాం. మామూలు సోడాలో సగమే కదా చక్కెర!"

చీటీ మళ్లీ చదివాను. ఆ రెండు మాటలే ఉన్నాయి. బడికి పోకుండా, గోడల మీది రాతలు చూసి చదువు నేర్చినవాణ్ణి. అచ్చులో ఉన్నదానికంటే ఎక్కువే చదువుకున్నాను.

నాలుగు గంటల బస్సులో తిరుగుప్రయాణం. మునగాల దాటేదాకా తల కిటికీకి ఆనించే ఉన్నాను. మూడు ఊళ్లు తిరిగినా, తప్పు మోయడానికి నేనొక్కణ్ణే మిగిలాననిపించింది.

దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చాను. ఆమె కట్టుకాలు దిండు మీద పెట్టుకుని ఉంది. "చక్కెర కలిసిందని నోటికి తెలియలేదా?" అన్నాను.

కట్టు సర్దుకుంటూ చెప్పింది: "తెల్వకేం? మొదటి గుక్కకే తెల్సింది. నువ్వు సీస మీదిది సదివి, మంచిదే తాగు అన్నవ్. సదువొచ్చినోనివి గదా. నా నాలికెనే తప్పు జెప్తున్నదేమో అనుకున్న."