చేపల్ని చంపిన నురగ

భీమవరం దగ్గర పల్లెలో స్నేహితురాలి అత్తగారింటికి వెళ్లినప్పుడు, ఆ అత్తగారు పొద్దున్నే కుంకుడుకాయ రసంతో నాకు తలంటి పోశారు. జుట్టు ఆరబెట్టుకుంటూ ఇంటి వెనక ఉన్న వాళ్ల రొయ్యల చెరువు గట్టెక్కాను. నీళ్లమీద చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి. ఎవరో విషం కలిపారు, ఈ కుటుంబం మునిగిపోయిందనుకుని ఇంట్లోకి పరుగెత్తాను.

బియ్యం ఏరుతున్న అత్తగారు తాపీగా తలెత్తారు. "మేమే కలిపామమ్మా. టీ గింజల పిండి. రొయ్యల మేతంతా కాలవ నీళ్లతో పాటు వచ్చిన ఆ చేపలే తినేస్తున్నాయి."

"రొయ్యలు కూడా చచ్చిపోతాయి కదండి?"

"వాటికేం కాదు. చేపలకే ఊపిరాడదు. పొద్దున నీ తలమీద నురగొచ్చింది చూడు, ఆ నురగ తెప్పించేదాన్ని సాపోనిన్ అంటారు, అలాంటిదే ఆ పిండిలోనూ ఉంటుంది."

నా చెయ్యి దానంతటదే జుట్టు మీదికి వెళ్లింది.

అంతలో ఆవిడ భర్త బుట్టెడు చేపలు తెచ్చి పెరట్లో పెట్టారు. పాతిపెట్టడానికేమో అనుకున్నాను. ఆవిడ కత్తిపీట దగ్గరికి లాక్కున్నారు.

"ఇప్పుడే పోయినవమ్మా, బావుంటాయి. ఆ పిండి మనల్నేం చెయ్యదు. మామిడికాయ వేసి పులుసు పెడతాను."

మధ్యాహ్నం అందరూ కబుర్లు చెప్పుకుంటూ ఆ పులుసు కలుపుకుని తిన్నారు. నేను మాత్రం మొదటి ముద్ద చేతిలో పట్టుకుని, వాళ్లు ఊపిరి పీలుస్తున్నారో లేదో చూస్తూ కూర్చున్నాను.