మిల్లు ఆగితేనే మా ల్యాబు

మా ల్యాబు మాస్టారు పోయారని, నాతో చదువుకున్న ప్రత్తిపాడు మిత్రుడు కార్డు రాశాడు. చదవగానే ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆయనతో నాకొక తగువు మిగిలి ఉంది. అది తేల్చకుండానే వెళ్ళిపోయారు. ఇక మీకు చెప్పుకోవడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు.

గుంటూరు శివార్లలో మా ఇంజనీరింగ్ కాలేజీ. విమానం రెక్క మీద గాలి ఎలా పనిచేస్తుందో కొలిచి చూసే ల్యాబు ఆయనది. గదంత పొడవున చెక్క సొరంగం, ఒక కొసన పెద్ద ఫ్యాను, మధ్యలో మూరెడు చెక్క రెక్క. ఫ్యాను వేస్తే, గాలి ఆ రెక్కను ఎంత బలంగా లేపుతోందో త్రాసు చూపించాలి. చూపిస్తేగా! పక్కనే పత్తి జిన్నింగు మిల్లు. అది నడిచినంతసేపూ కరెంటు హెచ్చుతగ్గులయ్యేది, ఫ్యాను వేగం మారిపోయేది, త్రాసు ముల్లు ఒకచోట నిలిచేది కాదు.

దానికి మాస్టారు కనిపెట్టిన ఉపాయమేమిటంటే, మిల్లువాళ్ళు భోజనాలకు ఆగినప్పుడు మేము ల్యాబు చెయ్యడం. మిల్లు కూత వినబడితే చాలు, మెస్సు గుమ్మంలో నిలబడి, "రండయ్యా రండి, గాలి కుదిరింది!" అని కేకేసేవారు. కలిపిన ముద్ద కంచంలో వదిలేసి పరిగెత్తాలి. తిరిగొచ్చేసరికి పప్పు చల్లారిపోయేది, గోంగూర గిన్నె ఖాళీ అయిపోయేది. ఆయనా తినేవారు కాదనుకోండి. అది మాకేం ఓదార్పు?

ఇంకో చాదస్తం. గాలి ఎటు పోతోందో కనబడటానికి రెక్క మీద నూలు పోగులు అతికించేవాళ్ళం. మంగళగిరి నేతవారి దగ్గర తెచ్చిన సన్న నూలు తప్ప మరోటి పనికిరాదు. ఒక్క పోగు పక్కకు తిరిగితే అన్నీ పీకించేవారు. "వంకర గాలిలో ఉందో నీ చేతిలో ఉందో నాకెట్లా తెలుస్తుందయ్యా?" అనేవారు.

అన్నిటికంటే ఘోరం ఆయన సంతకం. కొలత మూడుసార్లు ఒకేలా వస్తేగాని పెట్టేవారు కాదు. నా చివరి ఏడాది విమానాల కర్మాగారం నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ఆ యేడు మా మిరపచేను తెగులు కొట్టిపోయింది. ఇంటిల్లిపాదీ ఆ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నారు. ల్యాబు పూర్తయినట్టు ఆయన సంతకం చూపించాలి. రెండుసార్లు కొలత కుదిరింది. మూడోసారికి మిల్లువాళ్ళు తొందరగా తినేసి యంత్రాలు తిప్పారు. ముల్లు ఊగిపోయింది. మర్నాడే నా ప్రయాణం.

"రెండుసార్లు సరిగ్గానే వచ్చింది కదండీ," అన్నాను.

"వచ్చింది."

"నేను తప్పు కొలిచానంటారా?"

"అనను. సరిగ్గా కొలిచావనీ అనలేను. తెలియనిదానికి సంతకం ఎట్లా పెట్టమంటావయ్యా?"

ప్రిన్సిపాలుగారు చెప్పినా వినలేదు. ఇంటర్వ్యూ తప్పిపోయింది. వారం తర్వాత కొలత మూడుసార్లూ కుదిరింది. సంతకం పెట్టి, "పద, నేనూ వస్తా," అన్నారు. ఇద్దరం రైలెక్కి ఆ కర్మాగారం ఉన్న ఊరు వెళ్ళాం. మాస్టారు పొద్దుటి నుంచి గేటు దగ్గర నిలబడి, లోపలికి పోయే ప్రతి ఆఫీసరుకీ దణ్ణం పెట్టి, "కుర్రాడి తప్పు లేదండీ, ఆలస్యం నావల్లే," అని చెప్పుకున్నారు. ఎవ్వరికీ తలవంచని మనిషి! సాయంత్రానికి ఎవరో బయటికొచ్చి, వచ్చే యేడు చూద్దామన్నారు.

మరుసటి యేడు నిజంగానే ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు నేనూ మూడోసారి కొలిపించందే సంతకం పెట్టను, నా కింద పనిచేసే కుర్రాళ్ళు నన్ను తిట్టుకుంటూనే ఉంటారు. మాస్టారికి రుణపడి ఉన్నాను. ఆయన మూలంగా నాకు పోయిన ఆ యేడు గురించి కోపమూ అలాగే ఉంది.

ఆ రోజు తిరుగు రైల్లో నేను ఆయనకు ఎడంగా కూర్చున్నాను. మర్నాడు తెల్లారి ఒంగోలు దాటాక ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అరచేతిని కొంచెం పైకీ కొంచెం కిందికీ వంచుతూ కూర్చున్నారు. గాలికి చెయ్యి లేస్తోంది, దిగుతోంది. బయట కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి.

"చెయ్యి లోపల పెట్టండి మాస్టారూ," అన్నాను విసుగ్గా.

"ఇక్కడ మిల్లు లేదయ్యా. గాలి నిలకడగా ఉంది. నువ్వూ పెట్టి చూడు."

నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. చీరాల వచ్చేదాకా ఆయన కిటికీ దగ్గర నాకు కాస్త చోటు వదిలి, ఒక పక్కకు ఒదిగి, అలాగే చెయ్యి చాపుకుని కూర్చున్నారు.