తక్కువ లెక్క చెప్పిన స్క్వాడ్రన్ లీడర్

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానాకాలం మొదట్లో, నన్ను హైదరాబాద్‌లోని ఒక చిన్న వాయుసేన కార్యాలయానికి బదిలీ చేశారు. అప్పటికి నేను ఇంజినీరింగ్ శాఖలో గ్రూప్ కెప్టెన్‌ని. ఉద్యోగ విరమణ దగ్గరపడుతోంది. సొంత ఊళ్లో ఆఖరి పోస్టింగు అడిగి మరీ తీసుకున్నాను కాబట్టి పని నచ్చలేదని సణిగే హక్కు నాకు లేదు. పొద్దున్నే మొఘల్‌పురాలో మా ఇంటి నుంచి బయల్దేరి, సాయంత్రానికి తిరిగి వచ్చేవాడిని. అక్కడ నేను ఏం చేస్తానో ఇంట్లో ఎవరికీ తెలియదు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే మా పెద్దన్న జగదీశన్నకైతే, నేను విమానాల స్పేర్ పార్టులు లెక్కపెట్టే గుమాస్తానని గట్టి నమ్మకం. నేనూ కాదనలేదు.

నిజానికి మా పని లెక్కపెట్టడమే, కానీ మనవి కాదు, పొరుగువాళ్లవి. పాకిస్తాన్ వాయుసేన ఏ విమానం కొంటోంది, ఎన్ని కొంది, వాటిలో పొద్దున లేచి ఎగరగలిగేవి ఎన్ని, వాటికి ఎదురుగా మన దగ్గర ఏమున్నాయి అని పక్కపక్కన పెట్టి చూపించే నివేదికను తులనాత్మక అంచనా అంటారు. వాళ్ల కొనుగోళ్ల తీరు వేరు, మన తీరు వేరు. వాళ్లు కొన్నేళ్లుగా ఎక్కువ సరుకు చైనా అనే ఒకే దుకాణంలో తెచ్చుకుంటున్నారు. బేరం తొందరగా తెగుతుంది, స్పేర్లు కలుస్తాయి, కానీ ఆ దుకాణం ఏమిస్తే అదే. మనం రష్యా అని, ఫ్రాన్స్ అని, సొంత తయారీ అని బజారంతా తిరుగుతాం. కమిటీ మీద కమిటీ కూర్చుంటుంది. చేతికొచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. రెండు పద్ధతుల్లోనూ లోపాలున్నాయి. అవేమిటో చెప్పడం మా పనిలో భాగమే.

ఇందులో ఒక మెలిక ఉంది. మా అంచనాలో అవతలివాళ్ల బలం ఒక హద్దు దాటి కనిపిస్తే, ఇక్కడ అత్యవసర కొనుగోలు అనే దారి తెరుచుకుంటుంది. ఆ దారిలో పోతే ఎడారిలోనూ లడఖ్ చలిలోనూ నెలల తరబడి చేయాల్సిన క్షేత్ర పరీక్షలు చాలావరకు తప్పుతాయి. అంటే శత్రువు పెద్దగా కనిపించే కొద్దీ అమ్మేవాడికి పండగ. ఈ కుర్చీలో కూర్చునేవాడికి అనుమానం జబ్బు కాదు, అర్హత. నాకు అది పుట్టుకతోనే ఉందని మా ఆవిడ అంటుంది.

ఆ ఏడు మాకిచ్చిన ప్రశ్న ఒక్కటే. పాకిస్తాన్ కొత్తగా తెచ్చుకున్న ఒక రకం ఫైటర్లు ఒక స్క్వాడ్రనా, మూడు స్క్వాడ్రన్లా? స్క్వాడ్రన్ అంటే సుమారుగా పదహారు నుంచి పద్దెనిమిది విమానాల దళం. మూడైతే మన విమానాల రెక్కల కింద తగిలించే జామర్ పాడ్‌లను, అంటే ఎదుటివాడి రాడార్‌కు కళ్లు బైర్లు కమ్మించే పరికరాలను, అత్యవసర దారిలో వెంటనే కొనాలి. ఒకటైతే మామూలు దారిలో, పరీక్షలు పెట్టి కొనాలి.

మూడు అని చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. పాడ్‌లు అమ్మే విదేశీ కంపెనీ ప్రతినిధి మా సమావేశ మందిరంలో మూడు వైమానిక స్థావరాల ఉపగ్రహ చిత్రాలు తెర మీద వేసి, మూడింటిలోనూ ఆ ఫైటర్లను చూపించాడు. ఆయన ఒకప్పుడు మా యూనిఫాంలోనే ఉన్న మనిషి. మాటలో తేనె, చేతిలో చక్కటి పెన్ను. ఒక విదేశీ పత్రిక కూడా మూడే అంది. పైఆఫీసు నుంచి వచ్చిన ముసాయిదాలోనూ మూడే ఉంది. ముగ్గురు చెప్పారు కదా అని మా ఎయిర్ కమడోర్ తల ఊపారు. ఆ కార్యాలయానికి అధిపతి ఆయనే. నాకు మాత్రం పత్రికలోని చిత్రాలూ కంపెనీ చిత్రాలూ ఒకే కత్తెరతో కత్తిరించినట్టు కనిపించాయి. ముగ్గురు సాక్షులా, ఒకే సాక్షి మూడు గొంతులా అన్నది తేలలేదు.

ఒకటే అన్నవాడు ఇంతియాజ్. హోదాకు స్క్వాడ్రన్ లీడర్, ఉపగ్రహ చిత్రాలు చదవడంలో శిక్షణ పొందిన అధికారి, నా కింద పనిచేసేవాడు. ఫలక్‌నుమాలో పుట్టి పెరిగాడు, వాళ్ల నాన్నకు రైల్వేలో ఉద్యోగం. ఇంతియాజ్ వాదన సూటిగా ఉండేది. ఒక రకం విమానం ఒకచోట కాపురం పెడితే దాని వెంట సామాను కూడా వస్తుంది. ఇంజిన్ విప్పి పరీక్షించే షెడ్డు లేస్తుంది, పైలట్లు సాధన చేసే సిమ్యులేటర్ భవనం లేస్తుంది. అలాంటి కట్టడాలు మొదటి స్థావరంలోనే ఉన్నాయి. మిగతా రెండు చోట్లా విమానాలున్నాయి తప్ప కట్టడం ఏదీ లేదు. కాబట్టి అక్కడివి చుట్టపుచూపుగా వచ్చినవని అతని అభిప్రాయం. వాదన నాకు నచ్చింది. కానీ కట్టడాలు తర్వాత కూడా కట్టుకోవచ్చు కదా అన్నాను. కట్టుకోవచ్చని అతనూ ఒప్పుకున్నాడు.

వారం తిరక్కుండా భద్రతా విభాగం అధికారి నా గదికి వచ్చాడు. ఇంతియాజ్‌కు రహస్య పత్రాలు చూసే అనుమతిని తాత్కాలికంగా ఆపుతున్నామనీ, దాన్ని కొనసాగించాలో రద్దు చేయాలో పైఅధికారిగా నా అభిప్రాయం నెలాఖరులోగా రాసివ్వాలనీ చెప్పాడు. కారణం అడిగాను. అతని పిన్ని కరాచీలో ఉంది అన్నాడు. అది ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అందరికీ తెలిసిన సంగతే కదా, ఇప్పుడెందుకు గుర్తొచ్చింది అన్నాను. అందరూ మూడంటుంటే అతనొక్కడే ఒకటంటున్నాడు, ఎందుకంటున్నాడో చూడాలి కదా అని జవాబు. ఆ అనుమతి రద్దయితే ఇంతియాజ్ మళ్లీ ఎన్నడూ చిత్రాల గదిలో కాలు పెట్టలేడు. ఆపైన పదోన్నతి బోర్డు ఆ శీతాకాలంలోనే ఉంది. ఒక్క సంతకంతో అతని ఉద్యోగ జీవితం అక్కడే ఆగిపోతుంది.

నాకూ అనుమానం రాలేదని చెప్పను. పిన్ని సంగతి నేనూ అడిగాను. ఇంతియాజ్ నిలబడే జవాబు చెప్పాడు.

"ఖాలా కరాచీల ఉంటది సార్. చేరినప్పుడే రాసిచ్చిన. మా అమ్మి పోయినప్పుడు సుత ఆమెకు ఫోన్ చెయ్యలే. నా నౌకరీకి ఏమన్న అయితదేమో అని అబ్బా వద్దన్నడు. వేరేవాళ్ల నోటెంట తెల్సుకున్నది తోడబుట్టినదాని చావు."

నేను కూర్చోమన్నాను. కూర్చోలేదు. నాకు చాలా కష్టంగా అనిపించింది. కష్టంగా అనిపించడం అభిప్రాయం రాయడానికి ఆధారం కాదు కాబట్టి ఆ రోజు ఏమీ రాయలేదు.

ఆ ఆదివారం లాడ్ బజార్‌లో జగదీశన్న దుకాణంలో కూర్చున్నాను. అక్కడి పద్ధతి ఒకటి చెప్పాలి. అడిగిన సరుకు లేదనడం దుకాణదారుకు నామోషీ. "కూసో అమ్మా, గోదాంల ఉంది, తెప్పిస్త" అంటారు. గోదాం అంటే సాధారణంగా పక్క దుకాణమే. గాజులు సందు వెంట ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూనే ఉంటాయి. నిజాయితీలో లోటేమీ లేదు, వ్యాపారం అలా నడుస్తుంది. ఆ రోజు జగిత్యాల వైపు నుంచి ఒకావిడ పెళ్లి బేరానికి వచ్చింది. రాళ్లు పొదిగిన ఒక లక్క గాజుల సెట్టు చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"అన్నా, గీ సెట్టు గా మొదటి దుకాణంల ఒకటి చూసినం, గా మూల మీద ఒకటి చూసినం, నీ తాన ఒకటుంది. మాకు ముగ్గురు ఆడబిడ్డలు. మూడూ గావాలె."

జగదీశన్న పకపకా నవ్వాడు. "అక్కా, చూసిన దుకాణాలు మూడు, సెట్టు ఒక్కటే. నువ్వు ముందుగాల నడుస్తున్నవ్, అది నీ యెనుక నడుస్తున్నది. నీకన్న ముందు గోదాం దారిల వచ్చి ఈడ కూసున్నది."

ఆవిడా నవ్వింది, ఆమె వెంట వచ్చినవాళ్లూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చాయ్ సగంలో వదిలేసి లేచాను. ఏందిరా గట్ల వోతున్నవ్ అని అన్న వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు.

ఇన్నాళ్లూ మేము ఏ చిత్రం నిజం, ఏది అబద్ధం అని కొట్టుకున్నాం. మూడు చిత్రాలూ నిజమే. కానీ కంపెనీ వేసిన చిత్రాల మీద నెల పేరు ఉంది, తేదీ లేదు. ఒకే దళం విన్యాసాల కోసం మొదటి వారంలో ఒక స్థావరానికి, మూడో వారంలో ఇంకో స్థావరానికి వెళ్లి ఉండవచ్చు. అది ఏ వాయుసేనలోనైనా మామూలే, మనమూ చేస్తాం. మూడు దుకాణాల్లోకి ఒకే క్షణంలో తొంగి చూస్తే తప్ప సెట్లు ఎన్నో తేలదు. సోమవారం పొద్దున్నే, మూడు స్థావరాలకూ ఒకే ఉదయం తీసిన చిత్రాలు కావాలని కోరాను. అదేమంత తేలిక కాదు. ఒకచోట తెరిపి ఇస్తే ఇంకోచోట మబ్బు కమ్మేది. నెలాఖరు ముంచుకొస్తోంది.

ఈలోగా కంపెనీ ప్రతినిధి ఫోన్ చేశాడు. పాత పరిచయం కదా, ఒకసారి భోజనానికి కలుద్దామన్నాడు. నాకు అజీర్తి అన్నాను. నవ్వి, "మీ దగ్గర ఒకతను ఉన్నాడట కదా సార్, ఒకటే స్క్వాడ్రన్ అంటున్నాడట. అలాంటివాళ్లతో కాస్త జాగ్రత్త" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేశాను. ఇంతియాజ్ తన అంచనాను నాలుగు గోడల మధ్య చెప్పాడు. ఆ గదిలోకి సెల్‌ఫోన్ కూడా తీసుకుపోనివ్వరు. ఆ మాట బయటికి ఎలా వచ్చింది? మా గదిలో మాట మోసే మనిషి ఉన్నాడన్నది నిజమే. కానీ ఆ మాట సరిహద్దు దాటలేదు, ఊళ్లోనే ఒక ఖరీదైన హోటల్ దాకా వెళ్లింది. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పుడు తలచుకున్నా వస్తుంది. వెంటనే భద్రతా విభాగానికి ఫిర్యాదు చేశాను. ఆ ప్రతినిధి చుట్టాలు ఎక్కడెక్కడ ఉన్నారో కూడా విచారించండి అన్నాను. ఫిర్యాదు అందిందన్నారు. అంతకు మించి జవాబు నేను రిటైరయ్యే దాకా రాలేదు.

నెలాఖరు రానే వచ్చింది, మబ్బు విడవలేదు. నేను ఎయిర్ కమడోర్ దగ్గరికి వెళ్లి నివేదికకూ, ఇంతియాజ్ మీద నా అభిప్రాయానికీ కొద్ది రోజులు గడువు అడిగాను. ఆయన మంచి పైలట్, గడువులంటే చిరాకు. ఒక అధికారి కోసం దేశ భద్రతను ఆపమంటారా అన్నారు. అధికారి కోసం కాదు, తేదీ కోసం అన్నాను. తేదీ లేని చిత్రం మీద నేను సంతకం చేయను, కావాలంటే నా పేరు తీసేసి పంపండి అని కూడా అన్నాను. రిటైరవబోయేవాడికి ఉండే ధైర్యం అది. ఆయన కిటికీ వైపు తిరిగి, సరే, వానలు తగ్గేదాకా అన్నారు.

తర్వాతి వారమే ఆకాశం విడిచింది. చిత్రాలు వచ్చాయి. మొదటి స్థావరంలో విమానాలు బారులు తీరి ఉన్నాయి. రెండోచోట కొన్ని ఉన్నాయి. మూడోచోట ఖాళీ సిమెంటు నేల తప్ప ఏమీ లేదు. ఇంతియాజ్ లెక్క కూడా అచ్చంగా సరిపోలేదు. రెండోచోట ఉన్నవి కలుపుకుంటే ఒక స్క్వాడ్రన్ మీద కాస్త ఎక్కువే తేలింది. కానీ మూడు కాదు, దరిదాపుల్లో కూడా లేదు. నివేదిక అలాగే వెళ్లింది. పాడ్‌ల కొనుగోలు మామూలు దారికి మళ్లింది. పరీక్షల్లో వాటి లోపాలు బయటపడ్డాయి, కంపెనీ సరిచేసుకుంది, ఆ తర్వాత మనమే కొన్నాం. వస్తువు చెడ్డది కాదు, తొందరే చెడ్డది.

ఇంతియాజ్ గురించి కొనసాగించాలనే రాశాను. అనుమతి తిరిగి వచ్చింది, కానీ నెలలు గడిచాక, రెండు ముక్కల్లో, కారణం లేకుండా. అప్పటికి పదోన్నతి బోర్డు అయిపోయింది. విచారణలో ఉన్నవారిని ఆ బోర్డు పరిగణించదు. అతను మళ్లీ చిత్రాల గదిలో తన కుర్చీలో కూర్చున్నాడు.

నా ఆఖరి చలికాలంలో ఇంకో అంచనా వచ్చింది, ఈసారి ఉత్తర సరిహద్దు అవతల చైనా స్థావరాల మీద. ఇంతియాజ్ లెక్క తెచ్చాడు. పైఆఫీసు లెక్క కన్నా ఎక్కువ ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఎయిర్ కమడోర్ తల ఊపారు. భద్రతా విభాగం మా గది వైపు తొంగి కూడా చూడలేదు. నాకు మాత్రం పాత రోగం తిరగబెట్టింది. అతన్ని పిలిచి, ఈ చివరి నాలుగు విమానాలు ఏ చిత్రంలో ఉన్నాయో చూపించమన్నాను.

అతను తలుపు దగ్గరగా వేశాడు.

"ఏ చిత్రంల లేవు సార్. నేనే ఏసిన. మళ్ల ఎవ్వలూ మా ఖాలా గురించి అడగొద్దని."

ఆ నాలుగింటినీ కొట్టేయించి, కింద నా సంతకం పెట్టి పంపాను. ఆ కుర్చీలో నేను నేర్చుకున్నది ఇదే. ఎక్కువ చెప్పినవాడిని ఎవరూ ఆధారం అడగరు. తక్కువ చెప్పినవాడిని ఒక్కసారి దోషిలా నిలదీస్తే, ఆ తర్వాత ఆ గదిలో అందరూ ఎక్కువే చెబుతారు. అప్పుడు శత్రువును పెంచి చూపించడానికి ఏ కంపెనీ మనిషీ మన గడప తొక్కనక్కర్లేదు.